పక్కవాకిలి వైపు రాయాల్సిన లైను

మా ముత్తాత చంద్రగిరి దగ్గర ఏడూళ్లకు మిట్టాదారు. ఆ ఊళ్ల శిస్తు ఆయన చేతుల మీదుగానే సర్కారుకు చేరేది. మా తాత కాలానికి ఏడూళ్లు అయిదయ్యాయి. అయినా కలెక్టరు క్యాంపుకు వస్తే ఆయనకు కుర్చీ వేసేవారు. మా నాయన కాలంలో మిట్టాలు రద్దయ్యాయి. ఊళ్లు పోయాయి, ఇల్లు మిగిలింది. నేను ఆ ఇంటికి నాలుగో తరం వారసుణ్ణి. ముప్పై నాలుగేళ్లు ఉద్యోగం చేసి, తిరుపతిలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాను. ఎవరి ముందూ తల వంచకుండా పనిచేశానని చాలాకాలం చెప్పుకున్నాను. అందులో ఎంత నిజమో తేల్చిన ఒక రోజు గురించి, ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను.

దానికంటే ముందు మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఇంటికి రెండు దారులు. ముందువైపు సింహద్వారం, టేకుతో చేసింది, ఇత్తడి బొడిపెలు ఉండేవి. దొరలూ అధికారులూ వచ్చేది అటునుంచి. ఎడమవైపు పశువుల కొట్టం పక్కన పక్కవాకిలి. రైతులు వచ్చేది అక్కడికి. భూమి కావాలన్నా, నీటివంతు కావాలన్నా రైతు పక్కవాకిట్లో నిలబడి కేకవేసేవాడు. ఆ కేక మా తాత కూర్చునే హాలు దాకా వినపడదు, వినపడకూడదు కూడా. అందుకని అక్కడ ఒక మనిషి ఉండేవాడు. ఆయన పని, కేక విని, హాల్లోకి వెళ్లి, ముందు ఊరి పేరు చెప్పి, తర్వాత మనవి చెప్పడం. ఊరి పేరు ముందు ఎందుకంటే, ఏ ఊరి రైతుకు ఆ ఊరి భూమిలోంచే ఇవ్వాలి కాబట్టి. మా తాత చెప్పిన జవాబును ఆయనే మళ్లీ పక్కవాకిలికి తీసుకెళ్లి, అడిగినవాడికి చెప్పేవాడు.

మిట్టా పోయిన చాలా ఏళ్లకు మా నాయన ఒక పని చేశారు. ఊళ్లో మా పరువు తగ్గిందని ఎవరూ అనుకోకూడదని, ఆ మనిషికి కొత్త తలపాగా కుట్టించి సింహద్వారం దగ్గర కూర్చోబెట్టారు. అప్పటికి నాకు ఏడెనిమిదేళ్లు. రైతులు అలవాటుగా పక్కవాకిలికే వచ్చేవారు. కాసేపు నిలబడి, ఒకటి రెండుసార్లు పిలిచి వెళ్లిపోయేవారు. సింహద్వారం దగ్గర ఆ పెద్దాయన తలపాగాతో రోజంతా నిటారుగా కూర్చుని ఉండేవాడు. అటు ఎవరూ వచ్చేవారు కాదు.

ఉద్యోగంలో కుర్రవాళ్లకు పని నేర్పేటప్పుడు ఈ కథే చెప్పేవాణ్ణి, ఎందుకంటే మా పని కూడా ఇదే. ఒక యంత్రం కొత్తగా నెట్‌వర్కులోకి వచ్చినప్పుడు దానికి ఒక చిరునామా, అంటే కొన్ని అంకెలు కావాలి. ఎవరిని అడగాలో దానికి తెలియదు. తానున్న గదిలో అందరికీ వినపడేలా కేకవేస్తుంది. అంకెలిచ్చే సర్వరు ఎక్కడో దూరంగా, వేరే నెట్‌వర్కులో ఉంటుంది. మధ్యలో ఉండే రౌటరు ఇలాంటి కేకలను గది దాటనివ్వదు. అందుకని ఆ రౌటరులో, ఆ గదివైపు ఉన్న పోర్టు, అంటే వైరు తగిలించే చోటు, కింద ఒక లైను రాసిపెడతాం. ‘ఇక్కడ కేక వినపడితే ఫలానా సర్వరుకు అందించు’ అని దాని అర్థం. రౌటరు ఆ మనవికి తన గది పేరు తగిలించి పంపుతుంది. సర్వరు ఆ పేరు చూసి, ఆ గదికి కేటాయించిన అంకెల్లోంచి ఒకటి ఇస్తుంది. జవాబు వచ్చిన దారినే వెనక్కి వెళ్తుంది. పక్కవాకిట్లో మనిషి చేసిన పనికీ దీనికీ తేడా లేదు. లైను మాత్రం కేకలు వచ్చే వైపే ఉండాలి. రెండోవైపు రాస్తే తలపాగా పెట్టుకుని ఊరికే కూర్చోవడమే అని చెబితే కుర్రవాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

నా ఆఖరి కొలువు ఒక ప్రైవేటు పాల కంపెనీలో. పలమనేరు, పుంగనూరు వైపు పది పాల కేంద్రాలు ఉండేవి, వాటి నెట్‌వర్కు నా బాధ్యత. రైతులు క్యాన్లతో పాలు తెస్తారు, యంత్రం వెన్న శాతం చూస్తుంది, తూకం చూస్తుంది, చీటీ ఇస్తుంది. ఆ యంత్రాలన్నీ చిత్తూరు ఆఫీసులో ఉన్న సర్వరు నుంచి అంకెలు తీసుకునేవి. ఒకసారి తీసుకున్న అంకెలకు ఎనిమిది రోజుల గడువు. గడువు తీరేలోగా మళ్లీ అడిగి పొడిగించుకోవాలి.

పలమనేరు దగ్గరి కేంద్రంలో ఒక కాంట్రాక్టు టెక్నీషియన్ ఉండేవాడు. నలభై ఏళ్ల మనిషి, తొమ్మిదేళ్లుగా అదే కేంద్రంలో పని. చిన్న గొంతు, చేతికి ఎప్పుడూ నల్ల టేపు చుట్ట గాజులాగా తగిలించుకుని ఉండేవాడు. నేను ఒకసారి తనిఖీకి వెళ్లినప్పుడు రౌటరు పెట్టె దగ్గర నన్ను ఆపి, మిగతా తొమ్మిది కేంద్రాల్లో ఉన్నట్టు ఇక్కడ లేదని, మొదట బిగించినవాళ్లే రెండు వైర్లు తారుమారు చేశారని, అలాగే నడుస్తోందని చెప్పాడు.

“రవంత రాసుకోండి సార్, మల్లా మర్సిపోతారు” అన్నాడు.

నాకు తెలుసులే అన్నాను. నాకు తెలియదు. జేబులో పెన్ను ఉంది, చేతిలో డైరీ ఉంది. కాంట్రాక్టు మనిషి చెబుతుంటే నేను రాసుకోవడం అనే దృశ్యం నాకు నచ్చలేదు, అంతే.

మరుసటి ఏడాది ఆఫీసు చిత్తూరు నుంచి రేణిగుంటకు మారింది. సర్వరు కూడా మారింది, దాని చిరునామా మారింది. పది రౌటర్లలోనూ ఆ ఒక్క లైను మార్చాలి. ఇలాంటి పని కుర్రవాళ్లకు వదలకూడదని నేనే కూర్చున్నాను. ఒక కేంద్రానికి సరిపోయేలా రాసుకుని, ఆ నాలుగు మాటలనే పది చోట్లా ఎక్కించాను. గంటలో అయిపోయింది. చిత్తూరు సర్వరును ఆపేసి, ఖాళీ చేసిన గదికి తాళం వేసి వచ్చాం. అన్ని కేంద్రాలూ మామూలుగానే నడిచాయి. నా పనితనం మీద నాకు మంచి అభిప్రాయం కలిగింది.

ఏడో రోజు పొద్దున ఏడు గంటలకు పలమనేరు కేంద్రం నుంచి ఫోను. యంత్రాలు ఒక్కొక్కటే నెట్‌వర్కులోంచి పోతున్నాయి. బయట రైతులు వరసలో ఉన్నారు. ముందు రోజు సాయంత్రం అక్కడ యంత్రాల వైర్లన్నిటినీ కలిపే స్విచ్చి పెట్టె ఒకటి కాలిపోతే, ఆ టెక్నీషియన్ నన్ను అడక్కుండా వేరేది పెట్టాడని అప్పుడే తెలిసింది. అంతేకాదు, పాలు ఆగిపోకూడదని పొద్దున తన చేత్తోనే రెండు యంత్రాలకు అంకెలు ఎక్కించాడు. చేత్తో అంకెలు ఎక్కించకూడదన్నది నేను పెట్టిన నియమం.

ఆఫీసులో కూర్చునే పలమనేరు రౌటరును తెరిచి చూశాను. మొదటి పోర్టు కింద కొత్త సర్వరు చిరునామా ఉంది. నేను రాసిన లైను నా కంటికి కనిపించింది. కిందికి చదవలేదు, మూసేశాను.

మా జనరల్ మేనేజరు ఒకావిడ, నాకంటే పదేళ్లు చిన్న. ఎవరి తప్పో రాసి ఇమ్మని అడిగింది. ఆ రోజే ఎందుకు అడిగిందో చెప్పాలి. కాంట్రాక్టు మనుషుల్లో ఆరుగురిని పర్మనెంటు చేసే జాబితా ఆ సాయంత్రం అయిదింటికి పైకి పోవాలి. అందులో ఆ టెక్నీషియన్ పేరు మూడోది. తొమ్మిదేళ్లు ఆయన ఎదురుచూసింది ఆ జాబితా కోసం. నేను ఇంగ్లీషులో అయిదు వాక్యాలు రాశాను. అనుమతి లేకుండా స్విచ్చి మార్చాడు, నిషేధించిన పద్ధతిలో అంకెలు ఎక్కించాడు, అందువల్ల ఈ ఇబ్బంది. పేరు, ఊరు, కాంట్రాక్టు నంబరు అన్నీ రాసి సంతకం పెట్టాను. ఆ తర్వాత, ఉత్తరంలో రాసింది స్వయంగా నిరూపిద్దామని జీపులో పలమనేరు బయల్దేరాను.

కేంద్రం చేరేసరికి పదకొండు కావొస్తోంది. పలమనేరు చల్లటి ఊరు కాబట్టి క్యాన్లలో పాలు నిలిచాయి. అదే రేణిగుంటలో అయితే విరిగిపోయేవి. పాలు పోయడం అయిపోయినా, చీటీ రాలేదని అయిదారుగురు అరుగు మీదే కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒక పెద్దావిడ, ఖాళీ క్యాను పక్కన పెట్టుకుని, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

“ఏం సారూ, మిషన్లకు నెంబర్లిచ్చేది నువ్వేనంట గదా. మా ఎనుము ఏ నెంబరూ అడక్కుండానే పాలిస్తా ఉండాది” అంది. పక్కవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. లోపలికి పోతుంటే వెనకనుంచి గొంతు తగ్గించి, “ఆయప్పను ఏమీ అనొద్దు సామీ, పొద్దన్నుంచి నీళ్లు గూడా తాగలా” అంది.

ఆమె చెప్పిన ఆ టెక్నీషియన్ లోపల కింద కూర్చుని, మూడో యంత్రానికి చేత్తో అంకెలు ఎక్కిస్తున్నాడు. నన్ను చూసి లేచాడు. నా ఉత్తరం సంగతి అప్పటికే ఆయనకు తెలిసిందని మొహం చూడగానే అర్థమైంది. నమస్కారం పెట్టాడు. కాలిపోయిన స్విచ్చిని కాగితంలో చుట్టి నాకు చూపించడానికి ఉంచాడు. స్విచ్చి మార్చడానికి ముందు నాకు మూడుసార్లు ఫోను చేశానని, నేను ఎత్తలేదని అన్నాడు. జేబులోంచి ఫోను తీసి చూశాను. మూడు కాల్స్ ఉన్నాయి. ఆ సాయంత్రం నేను రేణిగుంటలో కొత్త గదికి నా పేరు పలక బిగించే పని చూస్తున్నాను.

రౌటరు పెట్టె గోడకు మనిషి ఎత్తున ఉంది. మూత తీశాను. లోపల, రెండు పోర్టుల కిందా, ఒక్కొక్క చిన్న కాగితం ముక్క అంటించి ఉంది. టేపు పసుపు రంగుకు తిరిగింది. మొదటి పోర్టు కింద తెలుగులో ‘ఆఫీసు’ అని, రెండో పోర్టు కింద ‘పాల గది’ అని రాసి ఉంది. బడిపిల్లల్లాంటి గుండ్రటి దస్తూరీ.

“ఇదెప్పుడు అంటించినావు?” అన్నాను.

“పోయిన తూరి మీరొచ్చినప్పుడే ఉండింది సార్. మీరు సూసినారు గదా.”

చూశాను, చదవలేదు. మిగతా తొమ్మిది చోట్లా మొదటి పోర్టు పాల గదివైపు. ఇక్కడ మాత్రం రెండోది. ఆయన చెప్పిన తారుమారు ఇదే. నేను పది చోట్లా కళ్లు మూసుకుని మొదటి పోర్టు కిందే రాశాను. ల్యాప్‌టాప్ తగిలించి ఈసారి చివరిదాకా చదివాను. మొదటి పోర్టు కింద, అంటే ఆఫీసువైపు, నా కొత్త లైను నిటారుగా ఉంది. అటునుంచి ఏ యంత్రమూ కేకవేయదు. రెండో పోర్టు కింద, పాల గదివైపు, చిత్తూరు పాత చిరునామా అలాగే ఉండిపోయింది. ఏడు రోజులుగా ఆ రౌటరు పాల గదిలోంచి వచ్చిన ప్రతి మనవినీ శ్రద్ధగా మోసుకెళ్లి, మేం తాళం వేసి వచ్చిన గది ముందు పెట్టి వస్తోంది. పాత అంకెల గడువు ఉన్నంతకాలం యంత్రాలు నడిచాయి. గడువు తీరినవి తీరినట్టే రాలిపోయాయి. స్విచ్చికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆయన చేత్తో అంకెలు ఎక్కించి ఉండకపోతే ఆ పొద్దుటి పాలు రోడ్డు మీద పోసేవారు.

చిన్నప్పుడు సింహద్వారం దగ్గర చూసిన తలపాగా గుర్తొచ్చింది. ముప్పై ఏళ్లు కుర్రవాళ్లకు కథగా చెప్పి నవ్వించిన తప్పునే నేను చేశాను. మా నాయన తెలిసి చేశారు, నేను తెలియక చేశాను. తేడా అంతే.

ఆయన నా వెనకే నిలబడి తెర మీద ఉన్నదంతా చదివాడు. మనిషి పనిమంతుడు, చదవగలడు. నేను వెనక్కి తిరగలేదు. బయట పెద్దావిడ క్యాను మూత గలగలమంటోంది. ఆయనే మెల్లగా అన్నాడు.

“లైను మార్సేయండి సార్. మిగతాదంతా ఆ స్విచ్చి మీదకు తోసేద్దాం. అదెట్లాగూ కాలిపోయింది, దానికేం నోరు లేదు గదా. మీకు మాట రాదు.”

స్విచ్చి మీద పెడితే అడక్కుండా మార్చాడన్న మాట ఆయన మీదే ఉంటుంది. ఈ ఏడాది జాబితాలోంచి పేరు పోతుంది. ఆ సంగతి నేను చెప్పాను. ఆయన టేపు చుట్టను చేతికి తిప్పుకుంటూ, “వచ్చే ఏడు సూసుకుంటాలే సార్. మీరు పెద్దింటోళ్లు. ఈ వయసులో మాట పడేది మీకు కష్టం” అన్నాడు.

ఆ మాటలో ఎగతాళి లేదు. అదే నన్ను గుచ్చింది. ఆయనకు నా మీద జాలి కలిగింది. మా ఇంట్లో నాలుగు తరాలుగా ఎవరూ ఎవరి జాలినీ పుచ్చుకోలేదు. ఆ క్షణంలో నన్ను కదిలించింది న్యాయం కాదని ఒప్పుకోవాలి. పక్కవాకిలి మనిషి తన బతుకును నాకు దానమిస్తుంటే చేయి చాపలేకపోయాను. మంచిపని చేయడానికి పొగరు కూడా పనికొస్తుందని నాకు తెలిసింది ఆ ఒక్కరోజే.

లైను సరిచేశాను. ఒక్క నిమిషం పని. పాల గదిలో యంత్రాలు ఒకటి తర్వాత ఒకటి అంకెలు తీసుకున్నాయి. బయటివాళ్లకు చీటీలు వచ్చాయి. పెద్దావిడ తన చీటీని వెలుతురుకు పట్టుకుని చూసుకుని, నాకు మజ్జిగ ఇమ్మని లోపలివాళ్లకు చెప్పి వెళ్లింది.

అక్కడి కంప్యూటరు ముందు కూర్చుని రెండో ఉత్తరం రాశాను. పొద్దుటి ఉత్తరంలో నా అంచనా సరికాదని, సర్వరు మార్పిడి సమయంలో పలమనేరు రౌటరులో పొరపాటు జరిగినదని, టెక్నీషియన్‌కు దానితో సంబంధం లేదని రాసి పంపాను. పది నిమిషాల్లో జనరల్ మేనేజరు ఫోను చేసింది. ఎప్పటిలాగే నెమ్మదిగా మాట్లాడింది. నా పదవీ విరమణకు అప్పటికి నాలుగు నెలలు. మరో రెండేళ్లు ఉంచుకుంటామని నా పొడిగింపు ఫైలు ఆమె బల్ల మీదే ఉంది. అది కూడా ఆ సాయంత్రమే పైకి పోవాలి. ఆ సంగతి గుర్తు చేసి, కావాలంటే ఈ ఉత్తరం గురించి మరోసారి ఆలోచించుకోమంది. బెదిరింపు కాదు. నాకు దారి ఇచ్చింది.

ఆ రెండేళ్ల జీతం మీద నాకు ఒక లెక్క ఉంది. మా ఊరి ఇంటి పైకప్పు దక్షిణం వైపు కుంగిపోయింది. ఆ రెండేళ్లు దొరికితే దూలాలు మార్పించగలను. దొరకకపోతే దాయాదులు కోరినట్టు అమ్మకానికి సంతకం పెట్టాలి.

ఆలోచించడానికేం లేదు, ఉత్తరం అలాగే ఉండనీయండి అన్నాను. ఆమె ఇలా అంది.

“సార్, పొద్దుటి ఉత్తరంలో ఆయన పేరు, ఊరు, నంబరు అన్నీ రాశారు. ఇందులో ‘పొరపాటు జరిగినది’ అని ఉంది. ఎవరు చేశారో లేదు. జాబితా చూసేవాళ్లు అదే అడుగుతారు.”

నిజమే. ముప్పై నాలుగేళ్లు ఆఫీసు ఉత్తరాలు రాసినవాణ్ణి. ఇంకొకరి తప్పుకు చేసినవాడి పేరు ఉంటుంది. మన తప్పు దానంతట అదే జరుగుతుంది. ఆ వాక్యం మార్చడానికి నాకు ఆ రోజు పట్టినంత సమయం ఏ రౌటరు దగ్గరా పట్టలేదు. టెక్నీషియన్ గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు, లోపలికి రావడం లేదు. ‘జరిగినది’ కొట్టేసి ‘చేశాను’ అని పెట్టాను. ఏడాది కిందటే ఆయన నాకు చెప్పాడని, నేను రాసుకోలేదని ఇంకో వాక్యం కలిపాను. నా పేరు రాశాను.

పంపాక లేచేసరికి ఆయన తన సద్ది డబ్బా తెరిచాడు. రాగిసంగటి, వేరుశనగ పచ్చడి. సగం మూతలో పెట్టి నా వైపు జరిపి, “తినండి సార్, పొద్దన్నుంచి మీరూ ఏమీ తిన్నట్టు లేదు” అన్నాడు. పనివాళ్ల డబ్బాలోంచి తినడం మా ఇంట్లో లేదు. సంగటి చల్లారి గట్టిపడింది. మొత్తం తిన్నాను. తింటూ, ఆ కాగితం ముక్కలు పది కేంద్రాల్లోనూ అంటించమని చెప్పాను. ఇంగ్లీషులో రాయాలా అని అడిగాడు. తెలుగులోనే, ఇదే దస్తూరీతో అన్నాను.

జాబితా ఆరు పేర్లతోనే పైకి పోయింది. ఆయన ఇప్పుడు నాలుగు కేంద్రాలు చూస్తున్నాడు, కింద ఇద్దరు పనిచేస్తున్నారు. వాళ్లు ఏదైనా చెబితే ముందు రాసుకుని తర్వాత మాట్లాడతాడట. నా పొడిగింపు రాలేదు. ఎవరూ ఒక్కమాట అనలేదు, శాలువా కప్పి పంపారు. కొత్తగా వచ్చే మీకు నేను చెప్పగలిగేది తక్కువే. రౌటరును చివరిదాకా చదవండి. పెట్టె లోపల కాగితం అంటించి ఉంటే, రాసింది ఎవరని చూడకుండా చదవండి.

ఆ ఏడాది వానాకాలం రాకముందే దాయాదుల కాగితం మీద సంతకం పెట్టాను. సింహద్వారాన్ని ఇత్తడి బొడిపెలతో సహా విడిగా ఊడదీసి, బెంగళూరు రోడ్డులో హోటలు కడుతున్నవాళ్లకు అమ్మాం. ఇల్లు, పశువుల కొట్టం, పక్కవాకిలి కలిపి చంద్రగిరిలో మరుసటి నెల రిజిస్టరయ్యాయి.